పనిముట్టునకు పరిచయపత్రము

ఇంటికి క్రొత్తగా వచ్చిన వంటమనిషికి ఉప్పు డబ్బా ఏదియో, చక్కెర డబ్బా ఏదియో తెలియదు. ఇంటివారు చిరకాలపు అలవాటుచే చూడకయే తీయుదురు. డబ్బాలపై చీటీలు లేనిచో పాయసమున ఉప్పు పడును. అది ఆమె నేరము కాదు, చీటీ వ్రాయనివారిది. నేడు కంప్యూటరు లోకమున ఇట్టి క్రొత్త సహాయకారి యొకటి ప్రవేశించినది. దానినే కృత్రిమ మేధా ఏజెంటు, లేదా ఏఐ ఏజెంటు అనుచున్నారు.

కృత్రిమ మేధ ప్రశ్నలకు జవాబులు వ్రాయునని విద్యార్థులు వినియే యుందురు. ఏజెంటు జవాబు వ్రాయుటతో ఆగదు. పనిని కూడ చేయును. రైలు వేళలు వెదకుట, లెక్కల పట్టిక సరిచూచుట, ఉత్తరము పంపుట మున్నగు పనులకు ఇతర సాఫ్టువేరులను పనిముట్లుగా వాడుకొనును. 2023 జూన్‌లో ఓపెన్ ఏఐ సంస్థ తన నమూనాలు పనిముట్లను పిలుచు పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టినది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఉమ్మడి నియమావళిని వెలువరించినది. ఇట్టి పద్ధతులలో సాధారణముగా ప్రతి పనిముట్టునకును ఒక పేరు, అది చేయు పనిని గూర్చిన వివరణ, దానికి అందింపవలసిన విషయముల పట్టిక యుండును. పనిముట్టు లోపలి నిర్మాణము ఏజెంటునకు సాధారణముగా కనబడదు. ఈ కొలది వ్రాతను చదివియే అది దేనిని ఎన్నుకొనవలెనో, దానికి ఏమి అందింపవలెనో నిశ్చయించుకొనును. సందేహము కలిగినపుడు మనము ప్రక్కవారి నడుగుదుము. ఏజెంటు పలుమారులు అడుగక, తనకు తోచిన అర్థముతో ముందునకు సాగును. కావున వ్రాతలోని లోపము పనిలోని లోపమగును.

తేదీని గమనింపుడు. 3/4/2025 అని వ్రాసినచో మనకు అది ఏప్రిల్ 3. అమెరికావారికి మార్చి 4. పట్టికలో ‘తేదీ’ అని మాత్రమే యున్నచో టిక్కెట్టు ఏ దినమునకు దొరకునో చెప్పలేము. ‘సంవత్సరము, నెల, దినము అను వరుసలో 2025-04-03 వలె ఇమ్ము’ అని ఒక్క ఉదాహరణము చేర్చినచో సందేహమే యుండదు.

కొలతల విషయమున పొరపాటు ఎంత హాని చేయునో 1999లో లోకము చూచినది. అంగారక గ్రహమునకు నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక ఆ సంవత్సరము సెప్టెంబరు 23న నశించినది. ఒక సాఫ్టువేరు త్రోపుడు లెక్కలను పౌండు-సెకండ్లలో ఇచ్చుచుండగా, వానిని అందుకొన్న సాఫ్టువేరు న్యూటన్-సెకండ్లుగా గ్రహించినది. ఏ కొలతలో ఇవ్వవలెనో వ్రాతపూర్వకముగ నిర్ణయింపబడియే యుండినది. పనిముట్టు ఆ వ్రాతను పాటింపలేదు. కావున వివరణ యుండుట యొకటియే చాలదు. అది నిజమై యుండవలెను. పనిముట్టు మారినపుడెల్ల వ్రాతయు మారవలెను.

ఇక మనకు మిక్కిలి దగ్గరి విషయము. ‘తెలుగు’ అను మాట కంటికి మూడక్షరములు. యూనికోడు లెక్కలో గుణింతపు గుర్తులతో కలిసి ఆరు సంకేతములు. యూటీఎఫ్-8 అను పద్ధతిలో నిలువ చేసినపుడు పదునెనిమిది బైట్లు. అదే మాటను ఆంగ్ల లిపిలో వ్రాసినచో ఆరు బైట్లే. పనిముట్టు ‘పేరు ముప్పదికి మించరాదు’ అని మాత్రమే చెప్పినచో, ముప్పది అక్షరములా, ముప్పది బైట్లా? బైట్లే యైనచో తెలుగు పేరునకు పది సంకేతములే పట్టును, తక్కినది తెగిపోవచ్చును. మరియు మనలో ఇంటిపేరు ముందు వచ్చుట వాడుక. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరమును చేర్చుట వాడుక. ఏది ఎచ్చట వ్రాయవలెనో చెప్పనిచో ఏజెంటు ఊహించును. ఆ ఊహ తప్పినచో పిల్లవాని పేరు ఒక పత్రమున ఒకవిధముగను, వేరొక పత్రమున వేరొక విధముగను నిలిచిపోవును. ఆ భేదమును దిద్దించుటకు తలిదండ్రులు ఎన్ని మెట్లు ఎక్కి దిగవలెనో మనకు తెలియనిది కాదు.

అట్లయిన మంచి వివరణ ఎట్లుండవలెను? పనిముట్టు ఏమి చేయునో, ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో మొదట చెప్పవలెను. అందించు ప్రతి విషయమునకును అర్థము, కొలత, ఉదాహరణము ఈయవలెను. ఫలితము ఏ రూపమున వచ్చునో తెలుపవలెను. చేసిన పిమ్మట మరల్చుటకు వీలులేని పని యైనచో, ఉదాహరణమునకు పత్రములను శాశ్వతముగ తొలగించుట, దానిని స్పష్టముగ హెచ్చరించి, యజమాని అనుమతి పొందుమని చెప్పవలెను. పొరపాటు జరిగినపుడు ‘తప్పు’ అని ఊరకొనక, ‘నెల సంఖ్య 13 చెల్లదు, 1 నుండి 12 లోపల ఇమ్ము’ అని దారి చూపవలెను. ఇదంతయు క్లుప్తముగ నుండవలెను. అనవసరపు మాటలు పెరిగినకొలది అవసరమైన మాట మరుగుపడును.

ఇరుగుపొరుగువారికెల్ల తెలిసి, ఎచ్చటను వ్రాయబడని వాడుక క్రొత్తవారిని ఎంత చిక్కుపెట్టునో, పరభాషలోని దరఖాస్తును చేతబట్టి కిటికీ ముందు నిలిచిన మన పెద్దలకు తెలియును. ఏజెంటు స్థితియు అట్టిదే.

విద్యార్థులారా! ఈ విద్య నేర్చుటకు కంప్యూటరు కూడ అక్కరలేదు. ఇంటిలోని ప్రెషర్ కుక్కరునకో, కుట్టుమిషనునకో పది వాక్యముల వివరణను తెలుగున వ్రాయుడు. దానిని ఎన్నడును వాడని వారికి ఆ కాగితము నిచ్చి, పెద్దవారి యెదుట, మీరు మారుమాటాడక ప్రక్కన నిలువుడు. వారు ఎచ్చట తడబడిరో అచ్చటనే మీ వాక్యమును దిద్దుకొనవలెను.