పులిరాజా అడిగించిన ప్రశ్న

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆంధ్రదేశపు గోడలమీద వెలసిన ఈ ప్రశ్న దారిన పోయేవారిని నిలవేసింది. పులిరాజా ఎవరో, అడుగుతున్నదెవరో ఎవరికీ తెలియదు. ఇళ్లలో పలకడానికి సంకోచించిన జబ్బు పేరు టీకొట్ల దగ్గర, బస్సుల్లో నలుగురి నోటా నలిగింది.

పులిరాజాకు అన్న ఒకడున్నాడు. 2002 చివర బొంబాయిలో పుట్టిన అతని పేరు బల్బీర్ పాషా. అతణ్ణి సృష్టించింది పి.ఎస్.ఐ. అనే అంతర్జాతీయ సంస్థ. ధనం అమెరికా సహాయసంస్థ యు.ఎస్. ఎయిడ్‌ది. కాని ఆ ప్రకటనల్లో దాత హితబోధ చేయలేదు. తాగిన మైకంలో కండోమ్ మరచినవాడు, ఒక్క వేశ్య దగ్గరికే పోతున్నానన్న ధీమా గలవాడు, ఆరోగ్యంగా కనిపించినవారిని నమ్మినవాడు - ఇలా మన వీధి మనుషులే తారసపడ్డారు. పరాయి దేశం మన పడకటింటి సంగతి ఎత్తితే అధిక్షేపంగా తోస్తుంది. పక్కింటివాడు ఎత్తితే ముచ్చటవుతుంది. సహాయ దౌత్యంలోని కిటుకు ఇదే.

అయితే ఆ కథలో స్త్రీ రోగాన్ని అంటించేదిగానే మిగిలిందని కొందరు విమర్శించారు. ఆ విమర్శ సబబే. మాట మనదైనంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు.

2025 జూలై 1తో యు.ఎస్. ఎయిడ్ విదేశ సహాయ కార్యక్రమాలు ముగిశాయి. భారత ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమపు అయిదవ దశకు (2021-26) కేంద్రమే 15,471.94 కోట్ల రూపాయలు కేటాయించింది. సొమ్ముకు సొంత దారి దొరికింది. సిగ్గు విడిచి అడిగే అలవాటును నిలుపుకోవడం ఇక మన వంతు.