పశువు లోపలి పటము

మా నిడదవోలు ప్రాంతము కాలువనీటితో పండు సీమ. ట్రాక్టరులు రాకమునుపు ఇచ్చట దుక్కియు, నూర్పును, బండితోలకమును ఎడ్లవలననే సాగెను. నేటికిని పాడిగేదె యనేక కుటుంబములకు ఆధారము. అట్టి పశువు లేతమేత మితిమీరి మేసి కడుపుబ్బినచో కొన్ని గడియలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. గాలి వెడలుటకు వేఱుదారి లేనపుడు పశువైద్యుడు దాని యెడమడొక్కయందు తగినచోట గొట్టముగల సూదిని గ్రుచ్చును. ఎడమప్రక్కనే యేల? నెమరువేయు జంతువు కడుపునకు నాలుగు అరలు కలవు. వానిలో మిక్కిలి పెద్దది ఎడమవైపుననే యున్నది. చర్మముపై ఆ గుఱుతు లేదు గదా! కంటికి కానరాని దానిని వైద్యుడెట్లు నేర్చెను?

పూర్వము మనవారు పశువుల బాహ్యలక్షణములను శ్రద్ధతో పరిశీలించిరి. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను అశ్వశాస్త్రమును తెలుగున రచించెను. ఇటలీదేశమున గుఱ్ఱము లోపలి భాగములను పటములతో తెలుపు కార్లో రూయినీ గ్రంథము 1598లో వెలువడెను. 1761లో క్లాడ్ బూర్జెలా ఫ్రాన్సునందలి లియాన్ నగరమున పశువైద్యపాఠశాలను స్థాపించెను. విద్యార్థులు పెరిగినకొలది చిక్కులును పెరిగెను. పటమున ఒక వైపే కనబడును. కళేబరము త్వరలో క్రుళ్లును. మైనపుబొమ్మ పలువురి చేతుల తాకిడికి నిలువదు.

ఈ చిక్కును తీర్చినవాడు లూయీ ఓజూ అను ఫ్రెంచి వైద్యుడు (1797–1880). మన యిండ్లలో స్త్రీలు పాతకాగితములను నానబెట్టి, మెంతులతో రుబ్బి, బుట్టలు చేయుట చదువరులెఱుగుదురు. ఓజూ యుపాయమును దానికి దగ్గఱిదే. కాగితపుగుజ్జును జిగురు మొదలగువానితో కలిపి, అచ్చులలో నదిమి, ఆరబెట్టి, రంగులు వేయించెను. ఆయన చేయించిన గుఱ్ఱపుబొమ్మలో కండరములను, ప్రేగులను, గుండెను ఒక్కొక్కటిగా ఊడదీసి, అంకెలను చూచి మరల యథాస్థానమున అమర్చవచ్చును. ఎన్నిమారులు తప్పినను ఏ ప్రాణికిని బాధ లేదు.

పశువైద్యవిద్య మనకును క్రమముగా చేరువయ్యెను. 1903లో మదరాసునందలి వేపేరిలో కళాశాల యారంభమయ్యెను. 1955లో బాపట్లలో ఆంధ్రులకు కళాశాల యేర్పడెను.

బొమ్మ చూచినంతమాత్రమున వైద్యము రాదు; సజీవపశువుపై చేయి వేసి గురువు చెంత నేర్వవలసినది చాల కలదు. కాని బొమ్మ మొదటిమెట్టు. బాలురారా, బాలికలారా, తరగతిలో నమూనాను విప్పుటకు అవకాశము కలిగినపుడు విప్పుటతో తృప్తిపడకుడు. ప్రతిభాగమును దాని చోటనే మరల నిలుపుడు. ఆ చోటు తెలిసిన చేయియే యొకనాడు ఒక పేదరైతు పశువును బ్రతికింపగలదు.