తొమ్మిది రోజులు మౌనం... ధ్యాసంతా ఊపిరిపైనే

నాగార్జునసాగర్: తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. నాలుగున్నరకల్లా హాలులోనో, గదిలోనో ధ్యానానికి కూర్చోవాలి. మాటలు లేవు, సైగలూ లేవు. సెల్‌ఫోన్లు ముందే అప్పగించాలి. హిల్‌కాలనీలోని విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరం తీరిది. ఇక్ష్వాకుల కాలంలో భిక్షువులు నివసించిన లోయ జలాశయంలో మునిగినా, వారి సాధన ఈ గట్టున మళ్లీ సాగుతోంది.

మొదటి మూడు రోజులు పని ఒక్కటే. ముక్కుపుటాల వద్ద ఊపిరి రావడం, పోవడం గమనించాలి. దీన్ని ఆనాపాన అంటారు. వినడానికి తేలికే. కూర్చుంటే మనసు నాలుగు ఊపిరులైనా నిలవదు. అప్పులు, గట్టు తగాదాలు, పిల్ల పెళ్లి అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. విసుక్కోకుండా మళ్లీ ఊపిరి వద్దకు తేవడమే సాధన. నాలుగో రోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంట్లో కలిగే అనుభూతులను గమనించాలి. గంటసేపు కదలరాదు. మోకాళ్లు సలుపుతాయి. ఆ నొప్పిని తిట్టుకోక, హాయిని కోరుకోక ఉండటమే ఉపేక్ష. వాడుకలో ఈ మాటకు నిర్లక్ష్యమని అర్థం. బౌద్ధంలో మాత్రం తొణకని మనసు.

బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ వద్ద నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా 1969లో ఈ పద్ధతిని భారతదేశానికి తెచ్చారు. 1994లో తీహార్ జైలులో వెయ్యిమంది ఖైదీలు దీన్ని సాధన చేశారు. గోయెంకా 2013లో కన్నుమూసినా, శిబిరాలు ఆయన గొంతు రికార్డులతోనే నడుస్తున్నాయి.

బోధన, భోజనం, వసతికి రుసుము లేదు. అయినా పది రోజుల కూలి వదులుకుని రావడం రెక్కాడితేగాని డొక్కాడని వారికి మాటలు కాదు. పిల్లలకు ఆనాపాన నేర్పే పొట్టి శిబిరాల వంటివి పెద్దలకూ ఊళ్లలోనే పెడితే వారికీ వీలు చిక్కుతుంది.