ప్రవాసులు – మాతృభూమి: బంధం దేనివల్ల నిలుస్తుంది?

ఊరు విడిచి దూరదేశంలో స్థిరపడినవారి మునిమనుమలకు ఆ ఊరితో సంబంధం మిగులుతుందా? మిగిలితే దేని ఆధారంగా? ఈ పాఠంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందుగా జంషెడ్‌పూర్‌ను చూడండి. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912లో సాక్చీలో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఇక్కడికి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగువారి మనుమలు బడిలో, బజారులో హిందీ మాట్లాడుతూ, ఇంట్లో తెలుగు వింటూ పెరిగారు. కాబట్టి ప్రవాసమంటే ఏమిటో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక సముద్రం దాటినవారి సంగతి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసరాజ్యాలలో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసింది. చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి 36 మంది 'అట్లాస్' ఓడలో మారిషస్ చేరారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. తొలి సంవత్సరాలలో ఇలా వెళ్ళినవారిలో ఛోటానాగపూర్ ఆదివాసులు పెద్దసంఖ్యలో ఉన్నారు. తరువాత తెలుగు తీరం నుంచి కూడా చాలామంది వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదనే అక్కడ తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచారు. 1920 నాటికి మారిషస్ చేరిన భారతీయ కూలీలు దాదాపు ఐదు లక్షలు.

వారి వారసులకూ మనకూ మధ్య బంధాన్ని నిలిపినవి మూడు.

మొదటిది రికార్డు. కూలీలు పారిపోకుండా, ఒప్పందం మీరకుండా చూసేందుకు అధికారులు ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి పేరు, ఊరు వంటి వివరాలు రాసుకున్నారు. అదుపు కోసం రాసిన ఆ పుస్తకాలే నేడు వారసులకు ఆధారం. మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ వాటిని భద్రపరచింది. అయితే గుమాస్తాలు చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో రాయడంవల్ల ఊళ్ళ పేర్లు మారిపోయాయి. అందుకే ఊరి పేరుతోబాటు జిల్లా వంటి ఇతర వివరాలు కూడా పోల్చిచూడాలి. ట్రినిడాడ్ ప్రధాని కమలా ప్రసాద్ బిసెసర్ తన పూర్వికుల గ్రామమైన బీహార్‌లోని భేలూపుర్‌ను 2012లో సందర్శించగలిగారంటే, వంశ వివరాలు దొరకడమే కారణం.

రెండవది భాష, పండుగ. మారిషస్‌లో 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడ జరిగాయి. భాష మరచిన ఇంట్లో సైతం పండుగ కొంతకాలం నిలుస్తుంది. కానీ భాష ఉన్నచోట పండుగకు అర్థం కూడా నిలుస్తుంది.

మూడవది చట్టం. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు పథకం ప్రారంభమైంది. ఈ కార్డుంటే వీసా లేకుండా రావచ్చు. ఓటుహక్కు మాత్రం ఉండదు. వ్యవసాయ భూమి కొనరాదు. సాధారణంగా మునిమనుమల వరకే ఈ అర్హత. మారిషస్ భారతసంతతి వారికి ఏడవ తరం వరకూ ఇస్తామని 2024లో ప్రకటించారు. అర్హతను నిరూపించాలంటే మళ్ళీ ఆ పాత రికార్డే కావాలి.

డబ్బు మాటేమిటని మీరు అడగవచ్చు. 2022లో ప్రవాసులు భారతదేశానికి పంపిన సొమ్ము పదివేల కోట్ల డాలర్లు దాటింది. కుటుంబాలకు అది పెద్ద అండ. కానీ సొమ్ము పంపేది ముఖ్యంగా తల్లిదండ్రులు ఇక్కడున్న తొలితరం. ఆ తరం గడిచాక ఏది మిగులుతుంది? జ్ఞానబంధం ఒక మార్గం. విదేశాలలోని శాస్త్రవేత్తలు కొంతకాలం ఇక్కడి సంస్థలలో పరిశోధన చేసేందుకు 2017లో 'వజ్ర' పథకం మొదలైంది. అయితే వారిని రప్పించేదీ 'ఇది మనవాళ్ళ నేల' అన్న భావమే. ఆ భావానికి ఆధారాలు పైన చెప్పిన మూడే.

మీరు చేయవలసిన పని ఒకటుంది. ఇంట్లో పెద్దలను అడిగి మీ పూర్వికుల ఊరు, తాలూకా, జిల్లా, బయలుదేరిన సంవత్సరం, చేసిన పని రాసుకోండి. ఊరి పేరు తెలుగులోనూ హిందీలోనూ రాయండి. చెప్పగలిగినవారు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.