గోడమీది బొమ్మలు - పిస్సారో చూపిన సెజాన్

చిత్తరువు అనగానే మనం మొదట అడిగేది, పోలిక కుదిరిందా అని. కమీల్ పిస్సారో 1874లో తోటి చిత్రకారుడు పాల్ సెజాన్‌ను చిత్రించిన పటం ముందు ఈ ప్రశ్న చాలదు.

సెజాన్ కంటే పిస్సారో సుమారు తొమ్మిదేళ్లు పెద్ద. 1872 నుంచి పారిస్ దాపుల పొంత్వాజ్, ఓవేర్ ప్రాంతాల్లో ఇద్దరూ కలసి పనిచేశారు. ఆరుబయట నిలబడి, వెలుగును గమనించి రంగు వేయడం సెజాన్‌కు ఆ సాహచర్యంలోనే అలవడింది. 1874 ఏప్రిల్‌లో జరిగిన ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనలో ఇద్దరూ పాల్గొన్నారు. సెజాన్ చిత్రాలు విమర్శకుల ఎగతాళికి గురయ్యాయి.

ఈ పటంలో సెజాన్ దళసరి కోటు, టోపీ, చిక్కటి గడ్డంతో పల్లెటూరి మనిషిలా కూర్చున్నాడు. చేతిలో కుంచె లేదు. అతడు చిత్రకారుడన్న సంగతిని వెనుకనున్న గోడ చెబుతుంది. ఆ గోడమీద మూడు బొమ్మలున్నాయి. ఒక పక్క తియేర్ వ్యంగ్యచిత్రం. 1871లో పారిస్ కమ్యూన్‌ను నెత్తుట ముంచిన ప్రభుత్వాధినేత ఇతడే. మరోపక్క వాస్తవికతావాద చిత్రకారుడు కూర్బే వ్యంగ్యచిత్రం. కమ్యూన్‌లో పాల్గొన్నందుకు కూర్బే ఆరు నెలల జైలుశిక్ష అనుభవించాడు, 1873లో స్విట్జర్లాండుకు ప్రవాసం వెళ్లాడు. కింద పిస్సారో స్వయంగా వేసిన పొంత్వాజ్ దృశ్యం.

ఈ కూర్పు యాదృచ్ఛికమని నేననుకోను. అధికారం ఒక వైపు, అది వెళ్లగొట్టిన కళాకారుడు మరొక వైపు, స్నేహితుని పల్లెబాట దాపునే. వీటి నడుమ సెజాన్ కూర్చున్నాడు. వ్యక్తిని అతని కాలం నుంచి విడదీయకుండా చూపడమంటే ఇదే. అయినా సెజాన్ ఒక సిద్ధాంతానికి ఉదాహరణగా మిగిలిపోలేదు. ఆ మొండితనం, ఆ బిడియం అతనివే. వస్తువు శిల్పాన్ని మింగలేదు.

బెంజ్ సర్కిల్‌లో కట్టే ఫ్లెక్సీల్లోనూ మనిషి చుట్టూ బొమ్మలుంటాయి. అవి అతడు ఎవరి అండన ఉన్నాడో చెబుతాయి, ఏ కాలాన్ని ఎదుర్కొన్నాడో చెప్పవు. మన సన్మాన సంచికల్లోని పరిచయ వ్యాసాలు అనేకం ఈ ఫ్లెక్సీలకు దగ్గర. బిరుదులు, పురస్కారాలు, పెద్దల ఆశీస్సులు వరుసగా ఉంటాయి. ఆ రచయిత ఎవరితో తలపడ్డాడో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఎందుకు నవ్వులపాలయ్యాడో మాత్రం ఉండదు. పొగడ్త మిగులుతుంది, మనిషి జారిపోతాడు.

పిస్సారో ఈ చిత్రాన్ని తుదిదాకా తన స్టూడియోలోనే ఉంచుకున్నాడు. అతడు మరణించిన మూడేళ్లకు, 1906లో, అప్పటికే పేరు పొందిన సెజాన్ ఒక ప్రదర్శన జాబితాలో తనను పిస్సారో శిష్యుడిగా నమోదు చేయించుకున్నాడు. తోటి కళాకారుణ్ణి నిజాయితీగా చూడటం ఆ ఇద్దరికీ మర్యాదకోసం చేసే పని కాదు. అది కళాకారుని బాధ్యత. తోటి రచయితను గురించి కలం పట్టే ప్రతివారూ ముందుగా అతని వెనుకనున్న గోడను చూడాలి.