ఫోన్‌కి 7 ఏళ్ల అప్‌డేట్లు సరే, ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కి గ్యారంటీ ఎవరిది?

ఫోన్ కొనేముందు మనం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?" పిక్సెల్ 8కి గూగుల్, గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ 7 ఏళ్లు ఇస్తామని చెప్పాయి. ఆ మాట నిలబెట్టుకోడానికి వాళ్ల దగ్గర డబ్బుంది, టీములున్నాయి. మరి ఆ ఫోన్‌లో మనం తెరిచే వెబ్‌సైట్‌ని, వాడే యాప్‌ని రాసిన ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ సంగతేంటి? దాన్ని ఎవరు అప్‌డేట్ చేస్తున్నారు? వాళ్ల ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు?

కొత్త లాంగ్వేజ్ నేర్చుకునేటప్పుడు సింటాక్స్ చూస్తాం, స్పీడ్ చూస్తాం, గిట్‌హబ్‌లో స్టార్లు చూస్తాం. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. పెద్ద భాషలకైతే అడక్కపోయినా ఫర్వాలేదు. ఎల్మ్, ప్యూర్‌స్క్రిప్ట్, గ్లీమ్ లాంటి చిన్న వెబ్ భాషలకి మాత్రం అసలు స్పెసిఫికేషన్ ఇదే.

పెద్ద ఇంట్లో పుట్టిన భాషలు

కాట్లిన్ వెనక జెట్‌బ్రెయిన్స్, గూగుల్ ఉన్నాయి. స్విఫ్ట్ వెనక యాపిల్, టైప్‌స్క్రిప్ట్ వెనక మైక్రోసాఫ్ట్. కంపెనీ వెనకుంటే ఏం జరుగుతుందో డార్ట్‌ని చూస్తే తెలుస్తుంది. గూగుల్ దాన్ని 2011లో బయటపెట్టింది. క్రోమ్ బ్రౌజర్‌లోనే నేరుగా డార్ట్ నడిపిద్దాం అనుకుని, 2015లో ఆ ఆలోచన మానుకుంది. ఫ్లట్టర్ 1.0 వచ్చింది 2018 డిసెంబర్‌లో. అంటే బయట జనం డార్ట్‌ని సీరియస్‌గా పట్టించుకోడానికి 7 ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ టీమ్‌కి జీతాలు ఆగలేదు కాబట్టే భాష బతికింది. ఒక్కడే మొదలుపెట్టిన భాషకి అన్నేళ్ల ఓపిక ఎవరిస్తారు?

అసలు ఖర్చు ఎక్కడ?

"ఒకసారి కంపైలర్ రాసేస్తే అయిపోద్ది కదా" అని చాలామంది అనుకుంటారు. కంపైలర్ మొదటి వెర్షన్ అందులో సరదా భాగం. ఆ తర్వాత కోడ్ ఎడిటర్‌లో తప్పులు చూపించే టూల్ కావాలి. ఫార్మాటర్ కావాలి. ప్యాకేజీలు పెట్టుకోడానికి ఒక సైట్, దానికి సర్వర్ బిల్లు ఉంటాయి. డాక్యుమెంటేషన్ రాయాలి. విండోస్‌లో పనిచేస్తూ మ్యాక్‌లో ఆగిపోయిన బగ్ వెతకాలి. జావాస్క్రిప్ట్ ప్రపంచం మారినప్పుడల్లా దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఇవేవీ కొత్త ఫీచర్లు కావు, ట్వీట్ చేసుకునే విషయాలూ కావు. కానీ ఇవి ఆగిపోతే జనం వెళ్లిపోతారు.

ఎల్మ్: ఒక మనిషి, రెండు కంపెనీల జీతం

ఎవాన్ చాప్లికీ 2012లో హార్వర్డ్‌లో రాసిన థీసిస్ నుంచి ఎల్మ్ పుట్టింది. వెబ్ పేజీలు రాయడానికే చేసిన భాష ఇది. 2013లో ప్రెజీ కంపెనీ ఆయన్ని ఎల్మ్ మీదే పనిచేయమని ఉద్యోగంలోకి తీసుకుంది. 2016లో నోరెడ్‌ఇంక్ అనే ఎడ్యుకేషన్ కంపెనీకి మారారు. ఆ కంపెనీ తన సైట్‌కి ఎల్మ్ వాడుకుంది కాబట్టి, ఆ భాష చేసినాయనకి జీతమివ్వడంలో దానికి లాభం ఉండేది.

ప్రభావం చూస్తే ఎల్మ్ చిన్నదేం కాదు. రియాక్ట్ చేసినవాళ్లకి తెలిసిన రిడక్స్‌కి ప్రేరణల్లో ఎల్మ్ ఒకటని రిడక్స్ డాక్యుమెంటేషనే చెబుతుంది. 2016లో రస్ట్ టీమ్ తమ ఎర్రర్ మెసేజ్‌లు మార్చినప్పుడు ఎల్మ్ పేరు చెప్పి మరీ క్రెడిట్ ఇచ్చింది. ఐడియాలు మాత్రం ఫ్రీగా వెళ్లిపోయాయి, వాటితో పాటు డబ్బేమీ తిరిగి రాలేదు.

2018లో 0.19, 2019లో 0.19.1 వచ్చాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి కొత్త కంపైలర్ రాలేదు. "ఎల్మ్ చచ్చిపోయిందా?" అనే చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 2023లో స్ట్రేంజ్ లూప్ సదస్సులో ఎవాన్ చేసిన ప్రసంగం అంశమే ప్రోగ్రామింగ్ భాషల ఆర్థికం. భాష చేసినవాళ్లు టైప్ సిస్టమ్ గురించి కాకుండా డబ్బు గురించి అంతసేపు మాట్లాడటం అరుదు. వీలైతే చూడండి.

నా అనుభవం ఒకటి చెప్తాను. మాది చెవిటికల్లు, కంచికచర్ల దగ్గర కృష్ణ ఒడ్డున ఉంటుంది. బీటెక్ చివర్లో మా బాబాయి ఎరువుల కొట్టుకి బాకీల పద్దు చూసుకునే చిన్న పేజీ ఎల్మ్‌లో చేసిచ్చాను. పత్తి, మిరప పెట్టుబడికి రైతులు మందులు, ఎరువులు అరువుకి తీసుకెళ్తారు, పంట అమ్మాక కడతారు. ఎవరెంత ఇవ్వాలో ఫోన్‌లో కనపడాలి, అంతే. ఆ పేజీ ఇప్పటికీ బాబాయి పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడుస్తోంది. నేను ఒక్క లైన్ కూడా మార్చలేదు. భాష మారలేదు కాబట్టి కోడ్ పాడవలేదు. ఆఫీసులో నేను పనిచేసే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో ఆర్నెల్లు ప్యాకేజీలు అప్‌డేట్ చేయకపోతే ఎన్ని హెచ్చరికలు వస్తాయో మీకూ తెలుసు.

కాబట్టి రిలీజ్‌లు లేకపోవడం అన్నిసార్లూ చావు కాదు. కానీ రేపు అందులో పెద్ద బగ్ బయటపడితే సరిచేసే మనిషి ఉన్నాడా? దానికి జవాబు కోడ్‌లో దొరకదు.

మన ఆటో యాప్ వెనక ప్యూర్‌స్క్రిప్ట్

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. బెంగళూరులో జస్‌పే కంపెనీ ఆటో డ్రైవర్లతో కలిసి తెచ్చిన నమ్మ యాత్రి యాప్ గురించి వినే ఉంటారు. రైడ్ మీద కమిషన్ తీసుకోని యాప్ అది. హైదరాబాద్‌లో 'మన యాత్రి' పేరుతో వచ్చింది. ఆ ప్రాజెక్ట్ కోడ్ ఓపెన్ సోర్స్‌గా పెట్టారు. తెరిచి చూస్తే సర్వర్ వైపు హాస్కెల్, యాప్ స్క్రీన్ల వైపు ప్యూర్‌స్క్రిప్ట్ కనిపిస్తాయి.

ప్యూర్‌స్క్రిప్ట్‌ని 2013లో ఫిల్ ఫ్రీమన్ మొదలుపెట్టారు. హాస్కెల్‌లా రాస్తే జావాస్క్రిప్ట్‌గా మారుతుంది. కొన్నేళ్లకి ఆయన పక్కకి తప్పుకున్నారు. అప్పటినుంచి వాలంటీర్లే నడుపుతున్నారు. 2022లో వచ్చిన 0.15 వెర్షన్ కూడా వాళ్ల పనే. అంటే మన దగ్గర ఒక ఆటో డ్రైవర్ రోజూ చేతిలో పట్టుకునే స్క్రీన్ వెనక, ఎక్కడో కొంతమంది ఆఫీసు పని అయ్యాక రాత్రుళ్లు చూసుకునే కంపైలర్ ఉంది.

అదే జస్‌పే, హైపర్‌స్విచ్ అనే పేమెంట్ ప్రాజెక్టులో వెబ్ చెక్‌అవుట్‌కి రీస్క్రిప్ట్ వాడింది. దాని చరిత్ర ఇంకో రకం. బ్లూమ్‌బర్గ్‌లో మొదలైన బకిల్‌స్క్రిప్ట్, ఫేస్‌బుక్‌లో పుట్టిన రీజన్ కలిసి నడిచాయి, 2020లో దారులు విడిపోయాక రీస్క్రిప్ట్ అనే పేరొచ్చింది. పెద్ద కంపెనీల్లో పుట్టి, ఇప్పుడు కమ్యూనిటీ చేతుల్లో ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో మనం ఆధారపడే ప్రాజెక్టుని అప్‌స్ట్రీమ్ అంటాం. ఎగువ అన్నమాట. మా ఊళ్లో ఆ మాట వేరే పాఠంతో అర్థమవుతుంది. 2021 ఆగస్టులో మా ఊరి ఇసుక రేవులోకి దిగిన లారీలు వందకి పైగా పైనుంచి వచ్చిన కృష్ణ వరదలో చిక్కుకుపోయాయి. రేవులో నిలబడి చూస్తే లారీ బాగానే ఉంది, డ్రైవర్ బాగానే ఉన్నాడు. ప్రమాదం ఎగువన ఉంది. కోడ్ సంగతీ అంతే. మీ ప్రాజెక్ట్ ఎంత శుభ్రంగా ఉన్నా, ఎగువన ఎవరున్నారో ఒకసారి చూసుకోవాలి.

గ్లీమ్: నెలవారీ చందాలతో

ఇప్పుడు కుర్రాళ్లు ఎక్కువగా మాట్లాడుకుంటున్న గ్లీమ్ దగ్గరికి వద్దాం. లూయిస్ పిల్‌ఫోల్డ్ చేసిన ఈ భాష 1.0 వెర్షన్ 2024 మార్చిలో వచ్చింది. వాట్సాప్ సర్వర్లకి పేరు తెచ్చిన ఎర్లాంగ్ ఇంజిన్ మీద నడుస్తుంది, జావాస్క్రిప్ట్‌గా కూడా మారుతుంది. గిట్‌హబ్ స్పాన్సర్స్ ద్వారా మనుషులు, కంపెనీలు ఇచ్చే డబ్బే దీనికి ప్రధాన ఆధారం. లూయిస్‌కి ఇది ఫుల్‌టైమ్ పని.

ఇందులో నాకు నచ్చింది పొదుపు. గ్లీమ్ తనకంటూ కొత్త ఇంజిన్ రాసుకోలేదు, ఎర్లాంగ్‌ది వాడుకుంది. ప్యాకేజీల కోసం కొత్త సైట్ కట్టలేదు, ఎర్లాంగ్, ఎలిక్సిర్ వాళ్లు వాడే హెక్స్‌లోనే పెట్టింది. భాషలో ఫీచర్లు కూడా కావాలనే తక్కువగా ఉంచారు. ప్రతి ఫీచర్‌కీ జీవితాంతం మెయింటెనెన్స్ ఖర్చుంటుంది. డబ్బు తక్కువున్న భాషకి 'వద్దు' అనడమే పెద్ద ఆదా.

చందాల లెక్క కూడా చూడండి. నెలకి 5 డాలర్ల చొప్పున 1,000 మంది ఇస్తే ఏడాదికి 60,000 డాలర్లు. యూరప్‌లో ఒక్క ఇంజినీర్ బండి నడవడానికి ఓ మోస్తరుగా సరిపోతుంది. ఆ 1,000 మందిలో సగం మంది వచ్చే నెల ఆపేస్తే? అందుకే ఒకేసారి వచ్చే పెద్ద మొత్తం కంటే, చిన్నదైనా నెలనెలా ఆగకుండా వచ్చేదే భాషకి బలం.

పెద్ద భాషకీ తప్పని తిప్పలు

పీహెచ్‌పీ చిన్న భాష కాదు. వెబ్‌లో ఎక్కువ సైట్లు దానిమీదే నడుస్తాయి. అయినా 2021లో నికితా పోపోవ్ జెట్‌బ్రెయిన్స్ నుంచి తప్పుకుంటున్నారని తెలియగానే అందరికీ చెమటలు పట్టాయి. పీహెచ్‌పీ లోపలి భాగాలు పూర్తిగా తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మాత్రమే, అందులో ముఖ్యుడు ఆయన. దీన్నే 'బస్ ఫ్యాక్టర్' అంటారు. ఎంతమంది మాయమైతే ప్రాజెక్ట్ ఆగిపోతుందో ఆ సంఖ్య. ఆ భయంతోనే 2021 నవంబర్‌లో పీహెచ్‌పీ ఫౌండేషన్ పెట్టారు. జెట్‌బ్రెయిన్స్, ఆటోమాటిక్, లారావెల్ లాంటివి డబ్బు వేస్తే, ఫౌండేషన్ డెవలపర్లకి జీతాలిస్తుంది. ఒక్క కంపెనీ మీద ఆధారపడకుండా పదిమంది భుజాల మీద బరువు పెట్టే పద్ధతి ఇది. చిన్న భాషలకి ఇంత పెద్ద అండ దొరకడం కష్టం, కానీ దారి మాత్రం ఇదే.

మన దేశంలోనూ ఒక మొదలు పడింది. 2024 అక్టోబర్‌లో జెరోధా 'ఫ్లాస్ ఫండ్' ప్రకటించింది. ప్రపంచంలో ఎక్కడి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకైనా కలిపి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు ఇస్తామంది. ఒక్కో ప్రాజెక్టుకి 10,000 నుంచి 1,00,000 డాలర్లు. ఇక్కడి కంపెనీలు ఫ్రీగా వాడుకోవడమేనా, తిరిగి ఇవ్వవా అని అడిగేవాళ్లకి చూపించడానికి ఒక పేరైనా ఉంది. హైదరాబాద్‌లో ఇన్ని ఐటీ కంపెనీలున్నాయి, మనవైపు నుంచి ఇంకో పేరు రావాలి.

నేర్చుకునే ముందు ఈ నాలుగు చూడండి

1. చివరి ఏడాదిలో కంపైలర్ కోడ్‌లో మార్పులు చేసింది ఎంతమంది? ఒక్కరే అయితే బస్ ఫ్యాక్టర్ 1.

2. డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? ఒక్క కంపెనీనా, చందాలా, ఫౌండేషనా? సైట్‌లో అది రాసి ఉందా?

3. ఏ భారం ఇతరుల మీద వేసింది? ఇంజిన్, ప్యాకేజీ సైట్, ఎడిటర్ టూల్స్ అన్నీ సొంతంగా మోస్తుంటే అలసిపోవడం ఖాయం.

4. వదిలేయాల్సి వస్తే బయటికి దారుందా? కాఫీస్క్రిప్ట్ ఇక్కడ మంచి ఉదాహరణ. 2012లో దానికి మారిన డ్రాప్‌బాక్స్, 2017లో టైప్‌స్క్రిప్ట్‌కి వచ్చేసింది. కాఫీస్క్రిప్ట్ చివరికి జావాస్క్రిప్ట్‌గా మారే భాష కాబట్టి ఆ ప్రయాణం సాధ్యమైంది. ఎల్మ్, ప్యూర్‌స్క్రిప్ట్, రీస్క్రిప్ట్‌కి కూడా కింద ఉన్నది జావాస్క్రిప్టే.

తీర్పు

క్యాంపస్ ప్లేస్‌మెంట్ మాత్రమే గురి అయితే ముందు టైప్‌స్క్రిప్ట్ నేర్చుకోండి, మొహమాటం లేదు. మా వైపు పిల్లలకి మొదటి ఉద్యోగం అంటే ఇంటి అప్పు తీరడం, అందులో ప్రయోగాలు చేయమని నేను చెప్పను. కానీ ఉద్యోగం వచ్చాక ఒక చిన్న భాష పట్టుకోండి. ఎల్మ్ నేర్చుకున్నాకే నాకు రియాక్ట్ సరిగ్గా అర్థమైంది. రిడక్స్ ఎందుకు అలా ఉందో అప్పుడే తెలిసింది.

నచ్చితే ఊరికే వాడుకుని వెళ్లిపోవద్దు. డాలర్లే పంపక్కర్లేదు. బగ్ దొరికితే దాన్ని చిన్న ఉదాహరణగా కుదించి రిపోర్ట్ చేయండి, మెయింటైనర్‌కి ఒక సాయంత్రం మిగుల్తుంది. డాక్యుమెంటేషన్‌లో మీకు అర్థం కాని పేజీని సరిచేసి పంపండి. తెలుగులో ఒక పరిచయ పాఠం రాయండి, డిప్లొమా కుర్రాడికి కూడా అర్థమయ్యేలా. మీ కంపెనీ ఆ భాషని ప్రొడక్షన్‌లో వాడుతుంటే మాత్రం ఇవి చాలవు. టీమ్ మీటింగ్‌లో చేయి ఎత్తి అడగండి: "మనం దీనిమీద ఇంత సంపాదిస్తున్నాం కదా, నెలకి ఎంత ఇస్తున్నాం?"