బొమ్మ వైపు దొర, బొరుసు వైపు అడవి మనిషి

విక్టోరియా రాణి బొమ్మగల వెండి రూపాయి ఒకటైనా పూజపెట్టెలో లేని పాత కుటుంబాలు మనలో తక్కువ. దాన్నే చూస్తూ పెరిగినవాణ్ణి గనుక, నాణెం మీద రాజుగారి తల తప్ప మరేముంటుందని అనుకునేవాణ్ణి. ఐరోపా వారి పాత వెండి నాణేలు ఒకటీ అరా పోగుచేయడం మొదలుపెట్టాక గాని నా అపోహ తొలగలేదు.

ఆ నాణేలలో ప్రసిద్ధికెక్కిన జాతి ‘తాలర్’. బొహీమియాలో యోఆకిమ్‌స్తాల్ అనే కొండలోయ ఉంది. ఇప్పుడది చెక్ దేశంలోని యాఖిమోవ్ పట్టణం. అక్కడ వెండి గనులు పడగా, ష్లిక్ వంశపు ప్రభువులు 1520లో పెద్ద పెద్ద నాణేలు ముద్రించారు. ఒక ప్రక్క మేరీమాత తండ్రి యోఆకిము, రెండవ ప్రక్క బొహీమియా సింహం. ఊరి పేరును బట్టి ‘యోఆకిమ్‌స్తాలర్’ అయింది. అంత పొడుగు పేరు నోరు తిరగక ‘తాలర్’ అన్నారు. నేటి డాలరు దాని వారసుడే.

నా మనసు దోచుకున్నది మాత్రం జర్మనీలోని హార్ట్స్ కొండల నాణెం. అక్కడి గనివాండ్రు ఒక కథ చెప్పుకుంటారు. వెండి వెదుకుతూ అడవిలోకి పోయినవారికి ఒళ్లంతా రోమాలతో, పెరికిన చెట్టు చేతబట్టుకొని, ఒక అడవి మనిషి కనిపించాడట. బాణాలు వేసి పట్టుకున్నారు. పాపం, అతడు చనిపోయాడు. అతడు తిరిగిన చోటనే మంచి వెండి దొరికిందట. ఆ పేరుతో ‘విల్డెమాన్’ అనే ఊరు నేటికీ ఉంది. బ్రన్స్‌విక్ ప్రభువు హెన్రీ 1539 నుంచి ఆ అడవి మనిషిని నాణేలకెక్కించాడు. నడుముకు ఆకులు చుట్టుకొని, మ్రాను పట్టుకొని నిలిచిన ఆ మూర్తిని చూస్తే మన పటాలలోని వానరవీరుడు ఎవరో దారి తప్పి అటు పోయాడేమో అనిపిస్తుంది!

హెన్రీ కుమారుడు జూలియస్ మరికొంత ముందుకు వెళ్లాడు. అడవి మనిషి చేతికి వెలిగే కొవ్వొత్తి ఇచ్చాడు. ఇతరులకు సేవ చేస్తూ నేను కరిగిపోతున్నానని దాని భావం. తరువాత 1586 ప్రాంతంలో కపాలం, ఇసుక గడియారం, కళ్లజోడు కూడా చేర్చాడు. తన్ను తాను ఎరుగని వాడికి దీపమెందుకు, కళ్లజోడెందుకు అని అర్థం. గుడ్డివాడికి అద్దం చూపినట్లని మనం అనమా? జూలియస్ కుమారునికి తన రాజ్యంలోని జమీందారులతో తగాదా వచ్చింది. ఇప్పుడైతే పత్రికలో వ్యంగ్య చిత్రం వేయించి ఉండేవాడు. ఆయన సింహం చుట్టూ కందిరీగలు ముసురుతున్నట్లు నాణెమే కొట్టించాడు.

ఇక ఆస్ట్రియా మహారాణి మరియా తెరీసా తాలర్ సంగతి. 28 గ్రాముల బరువు, అంటే రెండున్నర తులాలకు కొంచెం తక్కువ; అందులో వెయ్యికి 833 వంతులు వెండి. భర్త 1765లో పోయాడు గనుక రాణి తలపై విధవరాలి మేలిముసుగు ఉంటుంది. ఆమె 1780లో మరణించింది. కాని మోచా రేవులో కాఫీ గింజలమ్మే అరబ్బులు, ఎర్రసముద్రపు టొడ్డు వర్తకులు, అబిసీనియా రైతులు ఆ ముఖాన్నే నమ్మారు. భుజం మీది పతకం చుట్టూ ముత్యాలు స్పష్టంగా ఉన్నాయో లేదో తడిమి చూచి తీసుకునేవారు. అందుచేత 1780 అనే తేదీతోనే వియన్నా, రోము, లండను, ఇంకా ఎన్నో చోట్ల కొడుతూ వచ్చారు. రెండవ ప్రపంచయుద్ధంలో, 1940-41లలో, మన బొంబాయి టంకశాలలో కూడా కొట్టారు. వియన్నావారు నేటికీ కొడుతున్నారు.

ఈ సంగతి తెలియని రోజులలో నేనొక పాత వెండి కొట్టులో ఆ తాలర్ కొన్నాను. 1780 అని అచ్చుపడి ఉంటే ఇంకేం కావాలి? అడిగినంతా ఇచ్చాను. ఇంటికి తెచ్చి, దీపావళి వస్తోంది గదా అని చింతపండు, విభూతి పెట్టి తళతళలాడేటట్లు తోమాను. కొన్నాళ్లకు తెలిసిన పెద్దాయన ఒకరు భూతద్దం పెట్టి చూచారు. వెనుక వైపు రెండుతలల గ్రద్ద తోక ఈకలు చూపి, ఇది చాలా తరువాతి ముద్ర అన్నారు. ఆ మాటకు అంత బాధ కలుగలేదు. “దీన్ని ఎవరు తోమారు?” అని ఆయన అడిగినప్పుడు మాత్రం తల వంచుకున్నాను. రాణి చెంప నిండా సన్నని గీతలు! వెండికి గాలిలోని గంధకం తగిలి నలుపు పడుతుంది. దాన్ని రుద్ది తీసినప్పుడల్లా బొమ్మలో కొంత దానితోనే పోతుంది. పోయిన గీత మళ్లీ రాదు. నాణెం వెల కూడా రాదు.

ఆ తరువాత అడవి మనిషి నాణెం సంపాదించాను. పూర్తి తాలర్ కొనే తాహతు లేక, అందులో మూడింట రెండు వంతుల విలువ గల 1690 ప్రాంతపు చిన్న నాణెంతో సరిపెట్టుకున్నాను. చెట్టు కొమ్మల మధ్య, రోమాల సందుల్లో నలుపు పేరుకొని ఉంది. అంచులు మాత్రమే పట్టుకొని చూచి, కాగితపు పొట్లంలో పెడతాను.

మొన్నటి లక్ష్మీపూజకు మా ఇంట్లో ఆమె పళ్లెంలో వెండి రూపాయలు, పక్కన మెరిసే మరియా తెరీసాను పెట్టింది. “ఆ నల్లటిది మాత్రం ఇలాగే పెట్టనండీ, ఒక్కసారి తోమి ఇస్తారా?” అన్నది. పొట్లం తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.